కుడికి మాత్రమే తిరిగే జట్టు

పుదుచ్చేరిలో నేను కొంతకాలం ఒక ఐస్ హాకీ జట్టుకు డాక్టరుగా పనిచేశాను.

ఈ వాక్యం రాసుకుని, పైకి చదువుకుని, బాగుందనిపించి మళ్లీ చదువుకున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, "ఐసెక్కడిదండీ అక్కడ?" అంది. పెళ్లయిన దగ్గర్నుంచీ నా గొప్పలకు గాలి తీయడం ఆవిడ ఉద్యోగం. నాకు రిటైర్మెంటు వచ్చింది గానీ ఆవిడకింకా రాలేదు.

సరే, ఒప్పుకుంటాను. ఐసు ఉండేది, చేపల బుట్టల్లో. నేను డాక్టర్ని కాను, ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. పట్టేసిన మెడలూ, విరిగి అతికిన చేతులూ నా వంతు. ఎవరైనా డాక్టరుగారూ అని పిలిస్తే కాదని వాదించేంత తీరిక ఉండేది కాదు. జట్టు మాత్రం నిజంగా జట్టే. పది పన్నెండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా వయసున్న పిల్లలు, నాలుగు చక్రాల బూట్లు కట్టుకుని, పడవలు చేసే వడ్రంగి చెక్కిచ్చిన కర్రలతో, అతనే కోసిచ్చిన చెక్క బిళ్ళని కొట్టుకుంటూ ఆడేవాళ్లు. దాన్ని ఐస్ హాకీ అనే అనాలని వాళ్ల కోచ్ పట్టుదల.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కండరాల బలాన్ని అంకెల్లో చూపించే యంత్రాల గురించి చెబుతారు. లోపలి కండకీ బయటి కండకీ ఎంత తేడా ఉంటే గాయమవుతుందో వాళ్లకి కంఠతా వచ్చు. వాళ్లకి ఈ కథ చెబితే నవ్వుతారు. నవ్వాక, "తర్వాతేమైందండీ?" అని అడుగుతారు. అందుకే రాస్తున్నాను.

నేను యానాంవాడిని. డెబ్బయ్యో దశకం చివర్లో పుదుచ్చేరిలో ఉద్యోగంలో చేరాను. ఊరు కొత్త, భాష అంతకన్నా కొత్త. ఆసుపత్రిలో ఎవరైనా తెలుగు మాట్లాడితే చాలు, వాళ్ల మోకాలు అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తోమేవాడిని. అలా దొరికినవాడే ఆ కోచ్.

ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛనుతో ఇల్లు చేరినవాళ్లని ఆ ఊళ్లో సొల్దా అంటారు. ఈయనా ఒక సొల్దా. తరాల కిందటే ఆ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ ఆయనకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. కుర్రతనంలో ఫ్రాన్సులో ఏదో కొండ ఊళ్లో పోస్టింగు పడ్డప్పుడు గడ్డకట్టిన చెరువు మీద హాకీ చూశాడట. మనిషి తిరిగొచ్చాడు గానీ కళ్లు అక్కడే ఉండిపోయాయి. వచ్చేటప్పుడు ఒక పెట్టెడు చక్రాల బూట్లు తెచ్చుకున్నాడు.

నడుం పట్టేసి ఆయన నా బల్ల మీద బోర్లా పడుకుని ఉండగా అడిగాను. "ఐస్ లేకుండా ఐస్ హాకీ ఏంటండీ బాబూ?"

"ఐసు యాడికి పోతుందబ్బా, రేపొస్తాది," అన్నాడు తల ఎత్తకుండా. "అది వచ్చినాక నేర్చుకుంటామంటే పిల్లకాయలు ముసిలోళ్లయిపోతారు. నువ్వు నడుం చూడు. ఆటను నేను చూసుకుంటా."

అక్కడితో స్నేహం కుదిరింది. ఆయన్ని పిల్లలు సొల్దా తాత అనేవాళ్లు. నేనూ అదే అన్నాను.

ఒకరోజు తాత తన జట్టు కెప్టెన్ని నా దగ్గరికి తీసుకొచ్చాడు. పదమూడేళ్ల పిల్ల. బజారులో తాళ్లూ, గాలాలూ, వలనూలూ అమ్మే తెలుగు వ్యాపారి కూతురు. వెనకాలే ఆ తండ్రి కూడా వచ్చాడు, అంగడి మధ్యలో వదిలేసి వచ్చినవాడి మొహంతో. పిల్లకి ఎడమ గజ్జలో నొప్పి. పరిగెత్తలేదు, మెట్లెక్కితే కుంటుతుంది. కానీ నొప్పి ఉందని మాత్రం ఒప్పుకోదు.

"నొప్పెక్కడమ్మా?"

"యాడా లేదు."

"మరెందుకు కుంటుతున్నావు?"

"నడక నాది గదా సార్. నా ఇష్టం."

తండ్రి నుదురు కొట్టుకున్నాడు. "చూస్తిరా సామీ! ఇంట్లో గూడా ఇదే పాట. నేను ఆటకి అడ్డం చెప్పేవాణ్ణి కాదు. చక్రాలకి నూనె ఏసేది గూడా నేనే. కానీ అంగడికొచ్చే ప్రతివాడూ పాపకేమైంది, పాపకేమైంది అని అడుగుతా ఉండారు. రెండు నెలల్లో మదరాసులో పెద్ద ఆట ఉండాదంట. పోనీ, వద్దనను. ఆడ ఆడి, మన బస్టాండులో దిగేటప్పుడు ఈ బిడ్డ కుంటకుండా దిగిందా, జన్మంతా ఆడుకోనీ. కుంటిందా, ఆ బూట్లు సముద్రంలో ఏసేస్తా. ఆటైతే ఇంకోటి దొరుకుతాది. కాళ్లు యాడ దొరుకుతాయి?"

పిల్ల మొహంలో తెగింపు అప్పటిదాకా చూశాను. ఆ మాటకి అది కాస్తా పోయింది. తాత గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. ఆ పిల్ల లేకపోతే ఆయనకి జట్టే లేదని నాకప్పుడు తెలియదు.

నేను దర్జాగా, "నాకొదిలేయండి" అన్నాను.

టేపు తీశాను. బల్ల మీద పడుకోబెట్టి బొడ్డు నుంచి చీలమండల దాకా రెండు కాళ్లూ కొలిచాను. కుడి కాలు పొట్టిగా వచ్చింది. ఇంకేముంది, రోగం దొరికింది! పుట్టుకతోనే ఒక కాలు పొట్టి, అందుకే నడుం ఒరిగి, ఎడమవైపు భారం పడి, నొప్పి. చెప్పులు కుట్టేవాడి చేత తోలు ముక్క కోయించి, కుడి బూటు మడమ కింద పెట్టించాను. అంత తెలివైన వైద్యం ఆ ఆసుపత్రిలో అంతకుముందు జరగలేదని ఆ సాయంత్రం ఒకరిద్దరికి చెప్పాను కూడా.

వారం తిరక్కుండా నొప్పి పెరిగింది.

ఈలోగా తాత నా తెలివికి ముచ్చటపడి మిగతా పిల్లల్ని కూడా తోలుకొచ్చాడు. ఒక్కొక్కరినే కొలిచాను. మొదటివాడికి కుడికాలు పొట్టి. రెండోవాడికీ కుడే. మూడోవాడికీ. నాలుగో పిల్ల దగ్గరికి వచ్చేసరికి టేపు తిరగేసి మళ్లీ కొలిచాను. మొత్తం జట్టుకి కుడికాలు పొట్టి.

మా ఎముకల విభాగం పెద్ద డాక్టరు ఆ సమయానికి గుమ్మంలో నిలబడ్డారు. చాలా పెద్దమనిషి, చాలా మెల్లగా మాట్లాడతారు. ఆ మెల్లదనానికే అందరూ భయపడేవాళ్లు. నేను రాసుకున్నది తొంగిచూశారు.

"ఏమయ్యా, వీళ్లందరూ ఒకే తల్లి బిడ్డలా?"

"కాదండి. సగంమంది వైతికుప్పం బెస్తవాళ్ల పిల్లలు, సగంమంది బజారు పిల్లలు."

"మరి దేవుడు ఒకే అచ్చులో పోశాడా? లేకపోతే నీ టేపు ఒక వైపు సాగిందా?" కాస్త ఆగి, "వీళ్లు ఆడుతుంటే చూశావా?" అన్నారు.

చూడలేదు. బల్ల మీద పడుకున్న కాళ్లని చూశాను. కాళ్లు బల్ల మీద చేసేదేమీ ఉండదు కదా.

"ఆటగాడికి వైద్యం చేస్తూ ఆట చూడకపోవడం ఏ పుస్తకంలో ఉందో నాకూ చూపించు, చదువుకుంటాను," అని వెళ్లిపోయారు. తిట్లలో అదే నాకు బాగా పనికొచ్చిన తిట్టు.

ఆ సాయంత్రమే సైకిలేసుకుని వైతికుప్పం వెళ్లాను.

వాళ్ల ఆటస్థలం చేపలెండబెట్టే సిమెంటు గచ్చు. మధ్యాహ్నం దాకా నెత్తళ్లు పరిచి ఉంటాయి. పొద్దు వాలాక ఆడవాళ్లు వాటిని ఎత్తేసి, ఊడ్చి, పిల్లలకి వదిలేస్తారు. ఆ గచ్చుకి సరిగ్గా నడిమధ్యన ఒక రాయి. పసుపూ కుంకుమా పూసి, వేపమండ గుచ్చి ఉంది. అమ్మవారు. గచ్చు పోసినప్పుడు ఆవిడని కదిలించే ధైర్యం ఎవరికీ లేక, చుట్టూ సిమెంటు పోసి వదిలేశారు.

పిల్లలు బూట్లు కట్టుకుని మొదలెట్టారు. గాలిలో తేలినట్టు పోతున్నారండి! నొప్పుల సంగతి మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను. గుండ్రంగా, ఒకరి వెనక ఒకరు, అమ్మవారి చుట్టూ. కాసేపటికి తట్టింది. అందరూ కుడిచేతివైపు అమ్మవారిని ఉంచుకునే తిరుగుతున్నారు. ప్రదక్షిణ! బిళ్ళ ఎడమవైపు వెళితే, ఎడమకి తిరగరు. కుడికి తిరిగి, అమ్మవారిని మొత్తం చుట్టొచ్చి అప్పుడు అందుకుంటారు. ఈలోగా బిళ్ళ ఇంకెక్కడికో పోతుంది. మళ్లీ చుట్టు.

"తాతా, వీళ్లు ఎడమకి తిరగరా?"

"ఎడమకా?" తాత నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "అమ్మని అపసవ్యంగా చుట్టేదా? ఏంది డాక్టరూ, పొద్దున్నే ఏమన్నా తాగినావా?"

"ఇది సాయంత్రం."

"అయితే ఎక్కువే తాగినావు."

అంటే ఆ పిల్లలు బూట్లు కట్టుకున్న మొదటి రోజు నుంచీ, ఏళ్ల తరబడి, ఒక్క వైపే తిరుగుతున్నారు. పెద్దవల లాగేటప్పుడు రెండు తాళ్ల దగ్గరా మనుషులుంటారు చూడండి. ఒక తాడు దగ్గర వస్తాదులూ, రెండో తాడు దగ్గర జ్వరమొచ్చినవాళ్లూ ఉంటే వల ఏమవుతుంది? తొడ కూడా అంతే. బయటికి తోసే కండలు, లోపలికి లాగే కండలు. కుడికే తిరిగితే ఎడమకాలు ఎప్పుడూ బయటికే తోస్తుంది. ఆ వైపు కండలు బలిసి బిగుసుకుంటాయి, లోపలివి నీరసపడతాయి. బిగుసుకున్న వైపు నడుం ఎముక కిందికి ఒరుగుతుంది. రెండోకాలు పొట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. పొట్టికాలు ఎవరికీ లేదు. నేను పెట్టిన తోలు ముక్క ఆ ఒరుగుడుని ఇంకాస్త ఖాయం చేసింది.

దాన్ని నిరూపించడానికి నేను ప్రత్యేకంగా ఒక పరికరం తయారుచేశాను. అంటే, చేపలు తూచే స్ప్రింగు కాటా అడిగి తెచ్చుకున్నాను. ఒక కొక్కెం గోడకి, రెండో కొక్కెం చీలమండకి కట్టిన పట్టీకి. కాలు లోపలికి లాగమంటే ముల్లు ఎంత కదిలింది, బయటికి తొయ్యమంటే ఎంత కదిలింది. కెప్టెన్ పిల్ల ఎడమకాలు బయటికి తోస్తే గోడలోని మేకు ఊడొచ్చింది. లోపలికి లాగమంటే ముల్లు నిద్రలో మనిషి కదిలినట్టు కదిలింది. చాలా రోజులు మా గదిలో కవళ్ళ చేపల వాసన కొట్టింది.

"సార్, నేను ఎంత తూగినా? కిలో ఎంతకి అమ్ముతారు?" అంది ఆ పిల్ల.

"నోరు తీసేసి తూస్తే మంచి ధర వస్తుంది," అన్నాను.

మందు ఏమిటో తెలిసిపోయింది. ఎడమకి తిరగాలి. మర్నాడు గచ్చు దగ్గరికి వెళ్లి, ప్రసంగం లాంటిది చేసి, "ఇప్పుడు అందరూ ఇటు తిరగండి" అన్నాను. తాత వద్దు వద్దు అంటూనే ఉన్నాడు. కెప్టెన్ పిల్లకి ధైర్యమెక్కువ. కదిలింది. సగం చుట్టు కూడా వెళ్లిందో లేదో, బుట్టలు కిందపడ్డ చప్పుడు. ముప్పైమంది ఆడవాళ్లు చీపుళ్లెత్తి నన్ను సముద్రం ఒడ్డు పొడుగునా తరిమారు.

ఇది నేను పెళ్లిళ్లలో చెప్పే మాట. జరిగింది మీకు చెబుతాను. లేచింది ఒక్క ముసలావిడ. ఆ గచ్చు మీద పెత్తనం ఆవిడది. పుట్టిల్లు వీరాంపట్టినం; అక్కడి తిరునాళ్లకి ఏటా వెళ్లొచ్చి, అమ్మవార్ల మర్యాదల విషయంలో తన మాటే చివరి మాట అన్నట్టుండేది. తరమలేదు. చేతిలో ఉన్న ఎండుచేపని నా మీద విసిరింది. తగల్లేదు కూడా.

"ఆసుపత్రి అయ్యా," అంది తమిళంలో, "మీ ఊళ్లో దేవుణ్ణి ఇట్లాగే చుడతారా? సముద్రంలో మా మగవాళ్లున్నారు. ఆవిడకి కోపం వస్తే నీ బల్ల మీద పడుకోబెట్టి నయం చేస్తావా?"

ఆ సాయంత్రం రెండు పడవలు ఇంకా తిరిగి రాలేదని తర్వాత తెలిసింది. వచ్చాయి, క్షేమంగానే. అవి వచ్చేదాకా నేను కూడా అక్కడే ఇసుకలో కూర్చున్నాను. వెళ్లిపోవడానికి మొహం చెల్లలేదు.

ఆ తర్వాత నేలమీది వ్యాయామాలు మొదలెట్టాను. మోకాళ్ల మధ్య రబ్బరు బంతి పెట్టుకుని నొక్కాలి. ఇంటికిచ్చిన బంతులతో క్రికెట్ ఆడుకున్నారు. తోలు ముక్క తీసేశాక కెప్టెన్ పిల్లకి నొప్పి తగ్గింది గానీ, గచ్చు మీద నాలుగు చుట్లు తిరిగితే మళ్లీ మొదలు. మద్రాసు ప్రయాణానికి నెల పైచిలుకు మిగిలింది. తండ్రి అంగడి ముందు నుంచి వెళితే పలకరించేవాడు కాదు, నా కాళ్లవైపు చూసేవాడు. నా కాళ్లేం చేశాయో నాకర్థమయ్యేది కాదు.

ఆ పిల్లని మెల్లగా మాత్రమే తిరగమని చెప్పి, గచ్చు అంచున కాపలా నిలబడేవాడిని. అది నన్ను దాటి జోరుగా పోయేది. "మెల్లగా!" అని అరిచేవాడిని. ఒకరోజు అలాగే అరిచాను. దాటిపోయిన పిల్ల, ఆగకుండానే గిరుక్కున నావైపు తిరిగి, వెనక్కి జారిపోతూ, నాలుక బయటపెట్టి వెక్కిరించింది. వెక్కిరిస్తూనే సగం చుట్టు పోయింది.

"ఏయ్! మర్యాద లేదా?" అన్నాను.

ఇక్కడ నేను సాధారణంగా, ఆ క్షణంలో నా మెదడులో మెరుపు మెరిసిందని చెబుతుంటాను. మెరవలేదు. నాకు నిజంగానే కోపం వచ్చింది. రెండోసారి వెక్కిరించినప్పుడే కాళ్లవైపు చూశాను. పోతున్నది ప్రదక్షిణగానే. దారి మారలేదు. కానీ మొహం వెనక్కి ఉండటంతో అమ్మవారు ఇప్పుడు ఎడమచేతివైపున్నారు. బయటికి తోసేది కుడికాలు. ఎడమకాలు లోపలికి లాగుతోంది. బరువంతా అటుదిటు అయింది!

"ఇంకోసారి వెక్కిరించు!" అని అరిచాను.

పిల్ల భయపడి ఆగిపోయింది. "లేదు సార్, ఊరికే చేసినా. నాయనకి చెప్పబాకండి."

"చెప్పనమ్మా. నీకు దణ్ణం పెడతాను, మళ్లీ వెనక్కి పో!"

తాత పరిగెత్తుకొచ్చాడు. చెప్పాను. ఆయనకి అర్థమైంది, కానీ కళ్లు ముసలావిడ మీదికి పోయాయి. ఆవిడ అప్పటికే లేచి నిలబడింది. నేను వెళ్లి, నా వచ్చీరాని తమిళంలో, చేతులు తిప్పుతూ, పిల్లలు ప్రదక్షిణే చేస్తారు, మొహం మాత్రం వెనక్కి పెడతారు, అందుకు ఆవిడ ఒప్పుకోవాలి అని చెప్పుకున్నాను. ఆవిడ చేతిలోని చేపవైపు ఒక కన్ను వేసే ఉంచాను.

ఆవిడ రాయివైపు చూసింది. తర్వాత పిల్లవైపు చూసింది. దాని నొప్పి సంగతి ఆవిడకి తెలుసు. దాని తండ్రి దగ్గరే వాళ్లందరూ వలనూలు కొనేది.

"గుళ్లోంచి బయటికి వచ్చేటప్పుడు అమ్మకి వీపు చూపిస్తామా?" అంది చివరికి. "వెనక్కే కదా నడుస్తాం. పిల్లలకి ఆ మర్యాద తెలిసింది. నీకే తెలీలేదు."

ఆ రోజు నుంచి సగం ఆట ముందుకి, సగం ఆట వెనక్కి. మొదటి వారం మొత్తం జట్టు ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. తాత ఫ్రెంచిలో తిట్టేవాడు. ఆ తిట్లు పిల్లలకి అర్థం కావని ఆయన ధీమా. కానీ అందరికంటే ముందు వాళ్లు నేర్చుకున్న ఫ్రెంచి అదే. ముసలావిడ కూర్చుని, ఎవరు ఎక్కడ తప్పారో గట్టిగా చెప్పేది. వారానికోసారి స్ప్రింగు కాటా తీసేవాడిని. ఎడమకాలు లోపలికి లాగితే ముల్లు వారం వారం కాస్త ముందుకి జరుగుతూ వచ్చింది. పొట్టికాళ్లన్నీ ఒక్కొక్కటే సమానమయ్యాయి. పెద్ద డాక్టరు ఒకసారి తొంగిచూసి, "పరవాలేదు, టేపు నయమైంది," అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

మద్రాసుకి బస్సులో వెళ్లాం. బూట్లు గోనెసంచిలో. ఆసుపత్రి నుంచి సెలవు పెట్టి నేనూ వెళ్లాను. జట్టు డాక్టరు హోదాలో వెళ్లానని చెప్పుకునేవాడిని. గోనెసంచి మోయడానికి మనిషి కావాలని తాతే రమ్మన్నాడు.

అక్కడి నేల చూసి పిల్లలు బిక్కచచ్చిపోయారు. అద్దంలా నున్నగా ఉంది. చేప పొలుసు ఒక్కటి లేదు. ఎదుటి జట్టువాళ్లు ఒకే రంగు చొక్కాలు వేసుకుని ఎటు పడితే అటు తిరిగేస్తున్నారు. మనవాళ్లని ముందుగా కాసేపు తిరిగి ఒళ్లు వేడెక్కించుకోమన్నారు. కదలరే! గుంపుగా నిలబడి నేల మధ్యకి చూస్తున్నారు.

"ఏందిరా నిలబడిపోయినారు? తిరగండి!" అన్నాడు తాత.

కెప్టెన్ పిల్ల మెల్లగా అంది. "మధ్యలో అమ్మ లేదు గదా తాతా. దేన్ని చుట్టేది?"

పిల్ల చుట్టూ చూసింది. దాని చూపు నా మీద ఆగింది.

"సార్, మీరు పోయి నిలబడండి."

మీరు నమ్మండి, నమ్మకపోండి. మెడలో గోనెసంచి తాడు, చేతిలో తువ్వాలుతో నేను ఆ నున్నటి నేల నడిమధ్యకి నడిచివెళ్లి నిలబడ్డాను. పిల్లలు నా చుట్టూ తిరిగారు. ముందుకి ఒకసారి, తర్వాత మొహాలు వెనక్కి పెట్టి ఇంకోసారి. చక్రాల చప్పుడు గుండ్రంగా నన్ను చుట్టుకుంది. వాళ్ల భయం మెల్లగా వదిలింది, ఒకడు నవ్వాడు, ఇంకొకతి వాణ్ణి తోసింది. అప్పుడు తెల్లచొక్కా రిఫరీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఎవరండీ ఆ మధ్యలో మనిషి?"

"మా అమ్మవారు," అన్నాడు తాత.

ఆ పిల్లలు అంత భక్తిగా నన్ను చుట్టడానికి కారణం నా వైద్యం మీద నమ్మకమే అని చాలాకాలం అనుకున్నాను. తర్వాతెప్పుడో అడిగితే ఆ పిల్ల చెప్పింది. తాతకి నడుం నొప్పి, నిలబడలేడు. పైగా నేను లావు, ఏ మూల నుంచైనా కనబడతాను.

ఆట సంగతి. మేం గెలిచాం అని చెప్పాలని ఉంది. పక్కగదిలోంచి మా ఆవిడ గొంతు సవరించుకుంటోంది. ఓడిపోయాం. చిత్తుగా ఓడిపోయాం. కానీ ఆట చివర్లో ఒకసారి బిళ్ళ ఎడమవైపు పోయింది. మా పిల్ల కుడికి తిరుగుతుందని ఎదుటివాళ్ల కాపలా అటు మొగ్గింది, అప్పటికే మావాళ్ల అలవాటు కనిపెట్టేశారు. అది ఎడమకి తిరిగింది. ఎడమకాలు లోపలికి తీసుకుని, చక్కగా, చిన్న చుట్టు చుట్టి కొట్టింది. ఆ రోజు మేం వేసిన గోలు అదొక్కటే. తాత లేచి నిలబడి ఫ్రెంచిలో ఏదో అరిచాడు. ఈసారి అది తిట్టు కాదు.

తిరుగు ప్రయాణంలో పిల్ల నిద్రపోలేదు. మాటిమాటికీ ఎడమ తొడ లోపలివైపు వేలితో నొక్కి చూసుకుంటోంది. "నొప్పా?" అన్నాను. "తెలీదు సార్," అంది. మొదటిసారి అది నాకు నిజం చెప్పింది. నాకు భయం వేసింది. అంతసేపు బస్సులో ముడుచుకుని కూర్చుంటే మంచి కాళ్లే పట్టేస్తాయి. దారిలో ఆగిన ప్రతిచోటా కిందికి దింపి, తాతా నేనూ చెరో పక్కా నిలబడి నడిపించాం.

బస్టాండులో తండ్రి ముందుగానే వచ్చి నిలబడ్డాడు. అంగడి మూసేసి వచ్చాడు. పండగనాడు కూడా మూయని అంగడి. మమ్మల్ని చూడలేదు. బస్సు మెట్లమీదే ఉన్నాయి కళ్లు. పిల్లలు దిగారు. తాత దిగాడు. నేను గోనెసంచితో దిగాను. చివర్లో ఆ పిల్ల మెట్టు మీద ఆగింది. తండ్రి తన కాళ్లవైపే చూస్తున్నాడని దానికి తెలుసు. ఎడమ పాదం కింద పెట్టింది. కుడిది పెట్టింది.

తండ్రి ఉన్నచోటి నుంచే అన్నాడు. "నడువు పాపా, చూస్తాను."

అది గిరుక్కున తిరిగింది. ఆయనకి వీపు పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ, జనాన్ని తప్పించుకుంటూ, ఎక్కడా కుంటకుండా తండ్రి దాకా వచ్చి, వీపు ఆయన పొట్టకి తగిలి ఆగింది. దాని మొహం మావైపు ఉంది. నాలుక బయటపెట్టింది.

తండ్రి నవ్వలేదు. కూతురి భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకుని, మొహం చూశాడు. తర్వాత వంగి, బూట్ల గోనెసంచి నా చేతిలోంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

"ఏంది ఇంత దుమ్ము పట్టినాయి," అన్నాడు. "పొద్దున్నే నూనె ఏసిస్తా. సాయంత్రం లేట్ చేయబాక. ఆ తాత వొక్కడే గచ్చు మీద కాసుకోనుంటాడు."